తొమ్మిదో అంతస్తు శ్రుతి

మూడు నెలలుగా టేపుతో కొలుస్తూనే ఉన్నాను.
కిటికీకీ బీరువాకీ మధ్య తొంభై నాలుగు సెంటీమీటర్లు.
అరవై ఒక్క మీటల సింథసైజర్ పట్టదు.
నలభై తొమ్మిదిదైతే పడుతుంది,
బీరువా తలుపు మాత్రం ఇక తెరుచుకోదు.
"చలికోట్లు ఎక్కడ పెడతావ్ నుక్రీ?" అంది చెల్లెలు ఖాతునా.
పాట కప్పుకుని తిరుగుతానన్నాను.
నవ్వలేదు.

నేను లిఫ్టుల మెకానిక్‌ని.
తిబిలిసిలో, ఈ వర్కేతిలి పేటలో
నాణెం వేస్తేగాని పైకి లేవని లిఫ్టులకు
నూనె పెట్టి, తాళ్లు బిగించి,
నాణేల పెట్టెలో ఇరుక్కున్న చొక్కా బొత్తాలు ఏరి
రాత్రికి ఇల్లు చేరి రికార్డు చేసుకుంటాను.
నా గోడ అవతలే లిఫ్టు దారి.
ఎవరు ఆలస్యంగా ఇంటికొచ్చినా
నా పాటలోంచే వస్తారు.

కొత్తదొకటి చూశాను, పదహారు గొంతులది.
వాన కురిపిస్తుంది, వయొలిన్ల గుంపునీ పిలుస్తుంది.
కానీ ఒక్క స్వరం కాస్త ముదరాలంటే
తెరలో తెర, దాని లోపల ఇంకో తెర.
పగలంతా బొత్తాలు నొక్కే మనిషిని,
రాత్రీ అదే పనా?

నాలుగు గొంతులది ఇంకొకటి, రెండు నెలల జీతం.
అందులో ఐదో మీట నొక్కితే
మొదట పలికింది నోరు మూసుకుంటుంది.
అలగదు. చోటిచ్చి తప్పుకుంటుంది.

ముగ్గురం పాడేవాళ్లం.
పైది తెముర్, నడిమిది జుంబర్, అడుగుది నేను.
అడుగుదాన్ని మేం బాని అంటాం.
దానికి పెద్దగా మాటలుండవు,
నేలలా పడి ఉండటమే.
ఒక పెళ్లి విందులో ఎవరి పేరు ముందు పిలవాలన్న దగ్గర
తెముర్ లేచిపోయాడు, వెనకే జుంబర్.
ఏడేళ్లు.
నాలుగు గొంతులు కొంటే ముగ్గురి చోటూ నిండి
ఒకటి మిగులుతుందని లెక్కేసుకున్నాను.
లెక్క తప్పు కాదు.

నిన్న, పాతదొకటి ఉందంటే, నది అవతలికి వెళ్లాను.
అమ్మే ఆమె సిసానా. ఒకప్పుడు బళ్లో ఫిజిక్స్ చెప్పేదట.
సోవియట్ కాలపు ఇనప్పెట్టె. ఒకే ఒక్క గొంతు.
ఊడిన మీట చోట పియానో మీట కోసి అతికించారు,
పక్కవాటికంటే పచ్చగా, గారపన్నులా.
"ఇరవై నిమిషాలు వేడెక్కనీ" అంది.
అది లోపల సర్దుకుంటుంటే స్వరం పావు మెట్టు జారింది, ఎక్కింది.
మేం టీ తాగాం. వాల్‌నట్ మురబ్బా పెట్టింది.
ఆయన దీన్ని సర్కస్ బ్యాండులో వాయించేవాడట.
ఒక మీట చూపించి, దీనికి మాత్రం ఏనుగు బెదిరేదంది.
ఏనుగు పేరు కూడా చెప్పింది. మరిచిపోయాను.

"రెండు మీటలు కలిపి నొక్కితే?"
"ఒకటే పలుకుతుంది. రెండోదానికి మనిషిని తెచ్చుకో."

బేరమాడలేదు. ఆడాల్సింది.

ఇరవై రెండు కిలోలు భుజాన వేసుకుని మా మెట్ల దగ్గరికొచ్చి
జేబులు తడిమితే నాణెం లేదు,
ఈ లిఫ్టుకి మొన్ననే గేరు మార్చింది నేనే.
ఆరో అంతస్తు నానూలి వేసింది.
"పసిపిల్లల శవపేటికా ఏంటి?"
"కాదమ్మా, బాని."

బీరువా తలుపు ఊడదీసి మంచం కిందికి తోశాను.
అట్టడుగు మీట మీద పాత గేరు చక్రం బరువు పెట్టి
ఫిల్టర్ దాదాపు మూసేశాను.
గోడ అవతల ఎవరో పైకి వస్తున్నారు.
ఇన్నేళ్లూ పాటలోంచి కోసి పారేసిన ఆ మోత
నా స్వరానికి వెంట్రుకవాసి పైన ఉంది.
నాబ్ తిప్పాను. ఇంకొంచెం.
కలిసింది.

లిఫ్టు పై అంతస్తులో ఆగింది.
చక్రాన్ని మీట మీదే ఉంచి
నడిమి స్వరానికి నోరు తెరిచాను.
ఎప్పుడూ అడుగునే ఉన్న గొంతు, జీరపోయింది.
మళ్లీ ఎవరైనా వచ్చేదాకా ఆగాను.